చిట్టిచేతులు పేరుకు ఎంతిద్దాం?

ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటాను. మోగకపోతే ఫోను కూడా చేయలేని స్థితిలో ఉన్నారనుకుంటాను. మా ఆయన బస్సు నడుపుతాడు కనుక ఈ రెండు రకాల భయాలకూ నాకు రోజూ పని దొరుకుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్ళకు ఇదంతా అలవాటే. "అమ్మ భయపడట్లేదంటే అప్పుడు మనం భయపడాలి" అంటుంది మా అమ్మాయి.

మా అమ్మాయి రఫ్ఫు చేస్తుంది. చిరుగు మీద గుడ్డముక్క వేసి కుట్టడం కాదు రఫ్ఫు అంటే. ఆ బట్టలోంచే, మడత లోపల ఎవరికీ కనిపించని చోటు నుంచి పోగులు లాగి, చిరిగిన చోట నిలువుకు నిలువు, అడ్డానికి అడ్డం అల్లుకుంటూ పోవాలి. పని అయ్యాక చిరుగు ఎక్కడుండేదో వేసుకునే మనిషికే దొరకకూడదు. సిగరెట్టు నిప్పు పడ్డ కోట్లు, పురుగు కొట్టిన శాలువాలు, ఇస్త్రీపెట్టె అంటుకుని నల్లబడ్డ చీరలు దాని దగ్గరికి వస్తాయి. వీధి చివర మెట్ల కింద ఒక గది అద్దెకు తీసుకుంది. ఆ గదికి ఒక్కటే కిటికీ. దాని కింద బల్ల వేసుకుని, ముక్కు బట్టకు ఆనేంత దగ్గరగా వంగి కూర్చుంటుంది. పోగు మీద పోగు చూసీ చూసీ దాని కళ్ళు ఏమైపోతాయో అన్నది నా భయాల్లోకెల్లా పెద్దది.

దాని చేతులు చిన్నవి. ఉంగరం కొనాలంటే ఇప్పటికీ చిన్నపిల్లల ఉంగరాల్లోనే వెతకాలి. వచ్చేవాళ్ళు "చిట్టిచేతులమ్మాయి ఉందా?" అని అడగడం మొదలుపెట్టాక, గదికి ఆ పేరే బోర్డు రాయించింది. రఫ్ఫు చేసిన ప్రతి బట్టకూ లోపల కనిపించకుండా కుట్టే చిన్న గుడ్డ గుర్తుల మీద కూడా ఆ పేరే నేయించి, ఒక పెద్ద డబ్బా నిండా తెప్పించి పెట్టుకుంది.

ఈమధ్య ఒక డ్రైక్లీనింగ్ కంపెనీవాళ్ళు వచ్చి దాని పని చూసి, తమ దగ్గరికొచ్చే చిరుగులన్నీ దీనికే పంపుతామన్నారు. తమ సంచుల మీద దీని వెబ్‌సైట్ పేరు కూడా అచ్చు వేయిస్తామన్నారు. వాళ్ళ సంచులు చాలా ఊళ్ళు తిరుగుతాయి. ఆ పేరేదో నెలాఖరులోగా ఇమ్మన్నారు. అప్పుడు గానీ మా అమ్మాయి కంప్యూటర్లో చూసుకోలేదు. చిట్టిచేతులు డాట్ కామ్ అన్న పేరు ఎప్పుడో ఎవరో కొనేసుకున్నారు.

ఆ సాయంత్రం మా తమ్ముడు కూడా వచ్చాడు. వాడు పాత కార్లు అమ్మిపెడుతుంటాడు. బేరం అన్న మాట వినబడితే పిలవకపోయినా వస్తాడు. మా అమ్మాయి కంప్యూటరు మా వైపు తిప్పింది. తెర మీద ఒక చెక్క గుర్రం బొమ్మ ఉంది. కింద "దుకాణం మూసేశాము. పాత బొమ్మలు బాగుచేయించుకోవాలంటే ఫోను చేయండి" అని రాసి, ఒక నంబరు ఇచ్చారు.

"ఇల్లు కట్టేశాక స్థలం ఎవరిదని అడిగినట్టుందే కోడలా నీ వ్యవహారం," అన్నాడు మా తమ్ముడు.

"బోర్డు రాయించేటప్పుడు నువ్వూ ఉన్నావుగా మావయ్యా. అక్షరాలు లావుగా ఉండాలన్నావు."

"లావుగా రాయించమన్నా. పేరు ఎవరిదో చూడొద్దన్నానా?"

నాకు ఒక సంగతి అర్థం కాలేదు. "దుకాణం మూసేశాడుగా, ఇంకా పేరెందుకు పట్టుకు వేలాడుతున్నాడు?"

"ఏటేటా కొంత కడుతున్నంతకాలం పేరు ఆయనదేనమ్మా. వాడినా, వాడకపోయినా."

"అంటే ఖాళీ ఇంటికి తాళం వేసుకుని అద్దె కడుతున్నాడా?"

"దాదాపు అంతే."

"అలాంటివాడు మంచివాడు ఎలా అవుతాడే? మనలాంటివాళ్ళ కోసం కాచుక్కూచున్నట్టున్నాడు. డబ్బు తీసుకుని పేరు ఇవ్వకపోతే? బ్యాంకులో ఉన్నదంతా లాగేస్తే?"

"అక్కా, నువ్వు కాసేపు మంచినీళ్ళు తాగు," అని, మా తమ్ముడు కోడలి వైపు తిరిగాడు. "పేరుకి తోకేదైనా తగిలిస్తే పోలా? చిట్టిచేతులు రఫ్ఫు అనో, చిట్టిచేతులు దుకాణం అనో?"

"జనం తోక మర్చిపోయి తిన్నగా గుర్రం దగ్గరికే పోతారు మావయ్యా. చిరిగిన కోటు తీసుకుని ఆయనకు ఫోన్ చేస్తారు. నేను కొనేద్దామనుకుంటున్నా. నలభై ఇస్తానని రాద్దామని."

"నలభై ఏంటి?"

"వేలు."

ఆ నలభై వేలు దేనికి దాచిందో నాకు తెలుసు. అదే వీధిలో మేడ మీద రెండు కిటికీల గది ఒకటి ఖాళీ అవుతోంది. దానికి అడ్వాన్సు అది. ఆ రెండు కిటికీల వెలుగులో కూర్చుంటేనైనా దాని కళ్ళు నాలుగు కాలాలు నిలుస్తాయని నా ఆశ.

"నలభై అని మొదటే అంటారా ఎవరైనా?" అన్నాడు మా తమ్ముడు. "మొదటి మాట వినగానే అవతలివాడు తిట్టాలి. తిట్టలేదంటే ఎక్కువ చెప్పేశామన్నమాట. ఐదుతో మొదలుపెట్టు. ఏడ్చి గీపెట్టినా పదిహేను దాటకు. దుకాణం సంగతి అసలు ఎత్తకు. స్కూలు పిల్లల కోసమని చెప్పు."

"ఆయన బొమ్మలు చేసే మనిషి మావయ్యా. కార్లు అమ్మే మనిషి కాదు."

"అమ్మేవాడు ఏది అమ్మినా అమ్మేవాడేనే."

"ఆయన అమ్మకానికి పెట్టనేలేదుగా. నేనే వెళ్ళి అడుగుతున్నా." అది గుర్తుల డబ్బా మూత తీసి, చేత్తో కలియబెట్టింది. "ఈ పేరు దొరక్కపోతే ఇవన్నీ పారేసి మళ్ళీ నేయించాలి. బోర్డు మార్చాలి. వచ్చేవాళ్ళకి కొత్త పేరు అలవాటు చేయాలి. అన్నీ కలిపితే నలభై దాటుతోంది. అంటే ఆ పేరు నాకు నలభై. అంతకంటే ఎక్కువ నా దగ్గర లేదు. తక్కువ చెప్పడం నాకు చేతకాదు. ఎందుకు నలభయ్యో కూడా రాసేస్తా."

"బాగుంది. కోడిపెట్ట పోయి నక్కను, నేను ఎంత బరువుంటానో తూచి చెప్పమన్నట్టుంది. మీ అమ్మను చూసి నేర్చుకోవే. అక్క బేరానికి దిగిందంటే కొట్టువాడే ఆటో డబ్బులిచ్చి ఇంటికి పంపుతాడు."

వాడు వేళాకోళానికి అన్నా, అందులో అబద్ధం లేదు. నేను ధర తగ్గించమని అడగను. కొట్టువాణ్ణి "అన్నయ్యగారూ" అని పిలిచి, ఇంట్లో కష్టం చెప్పుకుంటాను. ఆ పూటకు కష్టం ఏదీ లేకపోతే రాబోయేది చెబుతాను. రాబోయే కష్టాలకు నా దగ్గర ఏనాడూ కొదవ లేదు. చెబుతూ చెబుతూ ఉండగా కళ్ళలో నీళ్ళు కూడా తిరుగుతాయి. అన్నయ్యగారు తగ్గించేస్తాడు.

మర్నాడు మా అమ్మాయి తయారైన కోట్లు ఇచ్చిరావడానికి వెళ్ళింది. నేను గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. తెర మీది నంబరు అప్పటికే నా ఫోనులో ఎక్కించుకున్నాను. మనిషి మంచివాడో కాదో గొంతు వింటే తెలిసిపోతుంది కదా, అంతమటుకు కనుక్కుందామనే ఫోను చేశాను.

అవతల పెద్దవయసు గొంతు పలికింది. వెనక చెక్క మీద గరుకు కాగితం రుద్దుతున్న చప్పుడు.

"అన్నయ్యగారూ, బొమ్మలాయనేనా?"

"నేనేనమ్మా. ఏం విరిగింది? కాలా, చక్రమా?"

"బొమ్మ కాదండీ. పేరు. కంప్యూటర్లో మీకున్న చిట్టిచేతులు పేరు మా అమ్మాయికి కావాలి."

"అదా!" గరుకు కాగితం ఆగలేదు. "ఇంతకుముందు కూడా ఒకరిద్దరు అడిగారమ్మా. ఇవ్వనన్నాను. నా బొమ్మలతో ఆడుకున్న పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. ఎప్పుడైనా ఒకరు విరిగిన గుర్రం తీసి, ఆ పేరు గుర్తొచ్చి వెతుక్కుంటారు. అక్కడ నేను లేకపోతే ఎలా?"

గొంతు వింటే తెలిసిపోయింది, మంచివాడే. నేను ఫోను చేసిన పని అయిపోయింది. సరేనండీ అని ఫోను పెట్టేయాల్సింది. కానీ ఇవ్వను అన్న మాట నా చెవిన పడింది. ఆ మాట పడితే నా నోరు నా చెప్పుచేతల్లో ఉండదు.

"అన్నయ్యగారూ, మా అమ్మాయికి కళ్ళు పోతున్నాయండీ," అన్నాను.

కల్పించడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. రోజూ లోపల అనుకునే మాటే కదా, నోటి దగ్గర సిద్ధంగా ఉంది. డాక్టరు చెప్పాడన్నాను. ఏ డాక్టరూ చెప్పలేదు. ఏడాదిలోగా చూపు మసకబారిపోతుందన్నాను. ఈలోగా తన దుకాణం పేరు తెర మీద కళ్ళారా చూసుకోవాలని పిల్ల కోరిక అన్నాను. ఏడ్చాను. ఆ ఏడుపులో అబద్ధం లేదు. చెప్పినదంతా ఎదురుగా జరుగుతున్నట్టే నాకు కనిపించింది. మా ఇంట్లో ఎవరైనా నవ్వులాటకు చెడుమాట అంటే, పైన తథాస్తు దేవతలుంటారు నోరు కడుక్కో అని కసిరేదాన్ని. ఆ వేళ ఏ దేవతా నాకు గుర్తుకు రాలేదు.

గరుకు కాగితం చప్పుడు ఆగిపోయింది.

"ఊరుకో చెల్లెమ్మా," అన్నాడాయన. "డబ్బు మాట ఎత్తకు. ఆ పేరు ఇక అమ్మాయిదే."

"ఎప్పుడు ఇస్తారు అన్నయ్యగారూ?" అన్నాను. ముక్కు తుడుచుకుంటూనే అడిగాను.

మా అమ్మాయి తిరిగొచ్చాక నేనేం చెప్పలేదు. పేరు దాని చేతికి వచ్చాక, ఆ పెద్దమనిషి ఊరికే ఇచ్చాడని అప్పుడు చెబుదామనుకున్నాను. ఆ వేళంతా మనసు తేలిగ్గా ఉంది. రెండు కిటికీల గదిలో బల్ల ఏ వైపు వేయాలా అని ఆలోచించాను. అది పొద్దున బయల్దేరే ముందే ఆయనకు రాసి పంపేసిందని నాకు తెలియదు.

మరుసటి రోజు గదిలో నలుగురం ఉన్నాం. మా తమ్ముడు ఎవరికో అమ్మాల్సిన కారులో పోతూ పోతూ దిగాడు. శాలువా బాగుచేయడానికి ఇచ్చిన ఒక పెద్దావిడ, ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చి స్టూలు మీద కూర్చుంది. మా అమ్మాయి ఫోను మోగింది. దాని చేతిలో సూది, పోగూ ఉన్నాయి. మోచేత్తో ఫోను నొక్కి, అందరికీ వినిపించేలా బల్ల మీదే ఉంచింది.

"అమ్మా, నేను బొమ్మలాయన్ని. నువ్వు రాసింది చదివాను."

మా అమ్మాయి మొహం వెలిగిపోయింది. "నమస్కారమండీ. నలభై మీకు తక్కువనిపిస్తే..."

"నలభై మాట వదిలెయ్ తల్లీ. మీ అమ్మగారు నిన్ననే అంతా చెప్పారు."

"మా అమ్మా? ఏం చెప్పిందండీ?"

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. ఎక్కడికి పోతాను, ఆ గదికి ఉన్నది ఒక్క గుమ్మం. అందులో మా తమ్ముడు నిలబడి ఉన్నాడు.

"దాచుకోవాల్సిన పని లేదమ్మా. కళ్ళ సంగతే. నువ్వు మాత్రం ఆ మాటే ఎత్తకుండా, ఉన్న డబ్బంతా ఇస్తానని రాశావు. చదివి మా ఆవిడ కంటతడి పెట్టుకుంది. ఆ డబ్బు వైద్యానికి ఉంచుకో. చూపు తగ్గినా పని ఆగకుండా, సూదిలో దారం ఎక్కించే సాధనం ఒకటి నీ కోసం చెక్కుతున్నా. మీ అమ్మగారిని పంపు, ఇస్తాను."

మా అమ్మాయి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఎవరో కొత్త మనిషి గదిలోకి వస్తే ఎలా చూస్తుందో అలా చూసింది.

"మళ్ళీ నేనే ఫోన్ చేస్తానండీ," అని ఫోను ఆపింది.

మొదట కదిలింది పెద్దావిడ. "అమ్మాయ్, నా శాలువా ఇంకా మొదలుపెట్టలేదుగా?"

"రేపు మొదలుపెడతానండీ."

"అయితే ఇచ్చెయ్. తొందరేం లేదులే. పనిదేముంది, ముందు ఆరోగ్యం చూసుకో."

"నా కళ్ళకేం కాలేదండీ."

"అవునమ్మా, అవును," అంది ఆవిడ ఎంతో జాలిగా, శాలువా మడిచి సంచిలో పెట్టుకుంటూ. గుమ్మం దాటుతూ నా భుజం కూడా తట్టింది. "ధైర్యంగా ఉండండి."

ఆవిడ అటు వెళ్ళగానే మా తమ్ముడు నోరు తెరిచాడు. "కళ్ళా అక్కా? స్కూలు పిల్లలనమన్నా గానీ... కళ్ళా?"

రఫ్ఫు చేసే పిల్లకు కళ్ళు పోతున్నాయని తెలిస్తే ఎవరు బట్టలిస్తారు? ఇంత చిన్న సంగతి నాకు తోచలేదు. ప్రపంచంలో జరగగల చెడంతా ముందే ఊహించుకునే దాన్ని, నేను చేసిన దానివల్ల జరగబోయేది ఒక్కటి ఊహించలేకపోయాను. శాలువా ఆవిడ పది ఇళ్ళకు ఈ మాట మోస్తుంది. డ్రైక్లీనింగ్ కంపెనీకి చేరడం ఎంతసేపు?

"ఇప్పుడు ఎంత చెప్పాలమ్మా?" అంది మా అమ్మాయి. గొంతు పెంచలేదు. "నువ్వే తేల్చు. ఊరికే తీసుకుంటే దొంగతనం. నలభై పంపితే, చూపు పోతున్న పిల్ల దగ్గర తీసుకున్నానే అని ఆయన తినే ముద్ద దిగదు. మరి ఎంత?"

"ఇస్తానంటున్నాడుగా, ముందు పేరు తీసేసుకుని, ఆ తర్వాత ఎప్పుడైనా నెమ్మదిగా..." అన్నాడు మా తమ్ముడు.

"మావయ్యా, నీ కారు మీద పిట్ట రెట్ట వేసినట్టుంది. పోయి తుడుచుకో."

వాడు నిజంగానే బయటికి పోయాడు.

"నేను ఫోన్ చేసి చెప్పేస్తానే," అన్నాను.

"ఫోన్‌లో వద్దు. ఫోన్‌లో నువ్వు ఏడుస్తావు. ఆయన మళ్ళీ కరిగిపోతాడు. ఎదురుగా వెళ్ళి, ఏడవకుండా చెప్పు. నేను రాసింది నలభై. అదే అను."

"నిజం చెప్తే ఇవ్వనంటాడేమోనే."

"అనొచ్చు. అంటే మనకా పేరు లేదు."

బొమ్మలాయన దగ్గరికి వెళ్ళే బస్సులో కూర్చున్నంతసేపూ, ఆయన ఇంట్లో లేకపోతే బాగుండునని కోరుకున్నాను. ఉన్నాడు. ఇంటి వెనక రేకుల కప్పు కింద పని చేసుకుంటున్నాడు. నేలంతా చెక్కపొట్టు. గోడకు తల లేని గుర్రాలు, చక్రాలు ఊడిన బళ్ళు తగిలించి ఉన్నాయి. నన్ను చూడగానే కుర్చీ మీది పొట్టు తన కండువాతో దులిపాడు.

"రా చెల్లెమ్మా. సమయానికి వచ్చావు."

బల్ల మీద వేలెడంత చెక్క స్తంభం ఒకటి నిలబెట్టి ఉంది. దానికి సూది గుచ్చడానికి ఒక బెజ్జం, దారం పరచడానికి ఒక గాడి, పక్కన చిన్న మీట. అంచులన్నీ వేలికి గుచ్చుకోకుండా గుండ్రంగా నునుపు చేశాడు.

"కళ్ళు మూసుకో," అన్నాడు. "మూసుకుని, సూది ఈ బెజ్జంలో పెట్టి, దారం గాడిలో వేసి మీట నొక్కు. అమ్మాయికి వస్తుందో రాదో నీ మీద చూద్దాం."

అప్పుడైనా చెప్పేయాల్సింది. కళ్ళు మూసుకున్నాను. చీకట్లో సూది కోసం, దారం కోసం తడుముకున్నాను. నా కూతురికి ఇలా జరుగుతుందని చెప్పి నేను ఒక పేరు కొనబోయాను. మీట నొక్కితే టిక్కుమంది. కళ్ళు తెరిస్తే సూదిలో దారం ఉంది. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"మా అమ్మాయి కళ్ళు బాగున్నాయండీ," అన్నాను.

"ఆఁ?"

"దానికేం కాలేదు. ఏ డాక్టరూ ఏం చెప్పలేదు. నేనే అన్నాను. దానికి తెలియదు."

"బాగున్నాయా?" అన్నాడాయన. "నిజంగా బాగున్నాయా?" రెండు చేతులతో మొహం తుడుచుకుని, "హమ్మయ్య" అన్నాడు. ఆ హమ్మయ్య కంటే ఆయన నా చెంప పగలగొట్టి ఉంటే నాకు నయంగా ఉండేది. మొదట ఆయనకు సంతోషమే కలిగింది. మిగతాది మెల్లగా వచ్చింది. బల్ల మీది చెక్క స్తంభం చూశాడు. లోపల వంటింట్లో ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు అవుతోంది. అటు చూశాడు.

"మా ఆవిడకి ఏం చెప్పాలండీ నేను?" అన్నాడు.

చెల్లెమ్మ పోయింది. అండీ వచ్చింది. బేరాల కోసం ఊరందరినీ అన్నయ్యలు చేసుకున్న నేను, ఒక అన్నయ్య పోవడం అదే మొదటిసారి చూశాను.

"ఊరికే ఇచ్చేస్తారని చెప్పలేదండీ. కొంచెం తగ్గిస్తారని చెప్పానంతే."

"ఎంతకి తగ్గిస్తానని?"

నాకు తెలియదు. నా కూతురి సగం జీవితం అమ్మేంత మాట అన్నాను గానీ, దానికి ఎంత తగ్గాలో లెక్కైనా వేసుకోలేదు.

"సరే," అన్నాడాయన, కళ్ళజోడు పెట్టుకుంటూ. "అయిందేదో అయింది. ఇప్పుడు చెప్పండి. అబద్ధం లేకుండా. ఆ పేరుకు ఎంతిస్తారు?"

"ముప్ఫై," అన్నాను.

దేవుడి సాక్షిగా, నేను నలభై అనే వచ్చాను. బస్సులో దారి పొడుగునా నలభై, నలభై అని వల్లె వేసుకున్నాను. ఎంతిస్తారు అన్న మాట వినగానే నోరు దాని పాటికి అది పది తగ్గించేసింది.

ఆయన ఫోను తీసి, చేయి చాపి దూరంగా పట్టుకుని చదివాడు. "మీ అమ్మాయి నలభై అని రాసింది. బోర్డుకి ఎంతవుతుందో, గుర్తులకి ఎంతవుతుందో విడివిడిగా రాసింది. తక్కువ చెప్పడం నాకు చేతకాదండీ, ఏమీ అనుకోకండి అని కూడా రాసింది."

"నలభై అండీ. నలభై అనే చెప్పమంది. నాది... అలవాటు."

ఆయన నవ్వుతాడేమో, తిడతాడేమో అని చూశాను. రెండూ చేయలేదు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

"ఈ బేరం మీతో కాదండీ. అమ్మాయితో మాట్లాడుకుంటాను. మీరు వెళ్ళిరండి."

ఆ చెక్క సాధనం తీసుకెళ్ళమని అనలేదు. నేను అడగలేదు. అది సూదిలో దారంతో సహా అక్కడే ఉండిపోయింది.

జరిగినదంతా మా అమ్మాయికి చెప్పాను. ముప్ఫై సంగతి దాచేద్దామని మెట్ల దాకా అనుకున్నాను. కానీ ఆయన ఎలాగూ చెబుతాడని భయపడి చెప్పేశాను.

"ముప్ఫయ్యా?" అంది. "అంత చెప్పుకున్నాక కూడా ముప్ఫయ్యా అమ్మా?" అని, బల్ల మీద తల వాల్చింది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం ఆయన ఫోను చేశాడు. ఈసారి బల్ల మీద పెట్టలేదు. ఫోను తీసుకుని బయట మెట్ల మీదికి వెళ్ళి మాట్లాడింది. గుమ్మం దగ్గర మా తమ్ముడు చెవి రిక్కించాడు గానీ ఏమీ వినపడలేదు.

"ఇస్తానన్నాడు," అంది లోపలికొచ్చి. "నలభైకే. గుర్రం బొమ్మ, ఆయన నంబరు పేజీలో ఒక మూల ఎప్పటికీ ఉంచాలట. ఉంచుతానన్నా."

"ఏమీ తగ్గించలేదా?" అన్నాడు మా తమ్ముడు.

"నేనడగలేదు."

నేను ఊపిరి పీల్చుకున్నాను. నా కూతురి డబ్బు నలభై వేలూ పోతుంటే, పైసా కూడా తగ్గనందుకు నాకు ఊపిరాడింది. జన్మలో ఇలాంటిది జరగలేదు.

సంచుల మీద పేరు పడింది. మేడ మీద రెండు కిటికీల గదిలోకి ఎవరో టైపింగు సెంటరు వాళ్ళు వచ్చారు. శాలువా ఆవిడ మళ్ళీ రాలేదు. ఆవిడ చెప్పగా విన్నామని ఇద్దరు ముగ్గురు బట్టలు వెనక్కి పట్టుకెళ్ళారు. కొందరు మాత్రం ఇదివరకటి కంటే ఎక్కువ ఇవ్వబోయారు. వాళ్ళ మీదే దానికి ఎక్కువ కోపం వచ్చింది.

ఒక మధ్యాహ్నం నేను అన్నం తీసుకెళ్ళేసరికి మా అమ్మాయి కిటికీ వైపు తిరిగి, అరచేత్తో ఒక కన్ను మూసుకుని సూదిని చూస్తోంది. తర్వాత రెండో కన్ను మూసుకుని చూసింది. నన్ను చూసి చెయ్యి దించేసింది.

"అమ్మా, నిజం చెప్పు. నా కళ్ళలో నీకేమైనా తేడా కనిపించిందా? అందుకే అన్నావా ఆ మాట?"

"లేదే. బంగారంలా ఉన్నాయి నీ కళ్ళు. ఒట్టు."

"ఆయనతో చెప్పినప్పుడు కూడా ఒట్టేశావుట."

వేశానేమో. నాకు గుర్తు లేదు.

నా బతుకంతా, ఏమీ కాదులే అమ్మా అని అందరూ నాకు చెబుతూ వచ్చారు. నేను ఒక్కరి మాటా నమ్మలేదు. ఏమీ కాలేదని నేను ఒకరికి చెప్పాల్సి రావడం ఇదే మొదలు. మళ్ళీ చెప్పాను. అది తల ఊపింది. క్యారేజీ విప్పి, ముద్ద కలుపుకుంటూ, చూపు తిప్పకుండా అంది.

"రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తున్నా. మావయ్యతో వెళ్తాలే, నువ్వు రావొద్దు."